వయోలాకి పదకొండు గడులు

ఏడో టేకు కూడా కుర్చీ పాలైంది.

వాయించడంలో లోపమేమీ లేదు. వయొలిన్ అమ్మాయి విల్లు ఒక్కచోట కూడా గీరుకోలేదు. చెల్లో వాయించే ఆమె తమ్ముడు మూడు రోజుల్లో మొదటిసారి తొందరపడకుండా ఉన్నాడు. కానీ ఆ రచన మధ్యలో, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా ఊరుకోవలసిన చోటొకటి ఉంది. మిగతా ఇద్దరూ వాయిస్తూనే ఉంటారు. వయోలా అమ్మాయి మాత్రం వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. సరిగ్గా అక్కడే కిర్రుమంది.

వెనక గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రికార్డింగు ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు. మనసులో అయిదు దాకా లెక్కపెట్టుకుని మీట నొక్కాడు.

"అమ్మా, మళ్ళీ కుర్చీ."

"ఇది వేరే కుర్చీ సార్," హాల్లోంచి వయోలా అమ్మాయి గొంతు.

"నాలుగోది. ఈ బళ్ళో చప్పుడు చెయ్యని కుర్చీ ఇంక హెడ్మాస్టరుగారిదొక్కటే. తాళం అడగమంటావా?"

"తప్పు కుర్చీది కాదు సార్, కూర్చున్నవాళ్ళది," అన్నాడు చెల్లో కుర్రాడు.

"నువ్వు నోరు మూసుకోరా," అంది అక్క.

"నేనేమన్నానే! ఉన్నమాటేగా!"

ఇంజనీరు పక్కన, విరిగిన బల్లల మధ్య ఇరికించిన స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ, ఒళ్ళోని పుస్తకంలో ఆ పేజీ అంచున ఏడో అంకె వేసి, దాని మీద పెన్సిలుతో అడ్డంగా గీత గీసింది. పక్కనే అలాంటివి ఆరు అంకెలు, ఆరు గీతలు. ఈ మూడు రోజులుగా ఆమె పని అదే. ముగ్గురూ వాయించే స్వరాలన్నీ ఒకే చోట ఉండే పూర్తి ప్రతిని ముందు పెట్టుకుని, ఏ టేకులో ఏ ముక్క బాగా కుదిరింది, ఏది చెడింది అని గుర్తులు వెయ్యడం. తర్వాత ఇంజనీరు ఆ గుర్తులు చూసుకుని మంచి ముక్కలు ఏరి అతుకుతాడు. స్వరాల వరుసని నిలువు గీతలతో చిన్నచిన్న భాగాలుగా కోస్తారు కదా, వాటిని ఆమె గడులు అనేది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె అనగా అనగా ఆ ఇంట్లో అందరికీ అదే మాట అలవాటైంది.

ఆమెకి డెబ్భై ఒకటి. ఈ సంగీతం రాసినాయన ఆమె అన్న. పోయి ఏడాదిన్నర అయింది.

బతికుండగా ఆయన సంగీతం చాలామందికి మింగుడుపడలేదు. పాటలో రాగం ఉండాలి, రాగంలో తీపి ఉండాలి అనుకునేవాళ్ళకి ఆయన రాసింది రాళ్ళు నమిలినట్టుండేది. "మావాడి సంగీతానికి పిల్లలు నిద్రపోరు, పెద్దలు కూర్చోరు," అనేది వాళ్ళమ్మ. పెద్దయ్యాక మెల్లగా పేరొచ్చింది. అందులోనూ ఈ మూడు వాద్యాల రచనకి వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. పేరు తెచ్చింది కూడా స్వరం కాదు, ఆ పదకొండు గడుల్లో వయోలా పాటించే మౌనం. దాని మీద వ్యాసాలు రాశారు, ఉపన్యాసాలిచ్చారు.

ఆ మౌనమే ఇప్పుడు రికార్డుకెక్కక ఏడిపిస్తోంది.

"పది నిమిషాలు గాలి పీల్చుకుందాం," అన్నాడు ఇంజనీరు.

బడికి సెలవులు. సభలు జరిగే ఆ పాత హాలుకి కిటికీలన్నిటికీ దుప్పట్లు, బొంతలు కట్టారు. గోడగడియారాన్ని దించి, తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టారు. టేకు నడిచేటప్పుడు ఫ్యాన్లు కూడా ఉండవు. ఎదురు వెల్డింగ్ షాపాయన్ని బతిమాలితే, మూడు రోజులూ పొద్దున్నే పని ముగించుకుని సాయంత్రం అయిదు దాకా మిషను ముట్టనని ఒప్పుకున్నాడు. ఇవాళ ఆఖరి రోజు. అయిదు తర్వాత హాలు చిన్నపిల్లల నాట్యం క్లాసుకి ఇచ్చెయ్యాలి. అప్పటికి టైము మూడున్నర.

ఫ్యాన్లు తిరగగానే ముగ్గురూ చెమటలు తుడుచుకుంటూ వెనక గదిలోకి వచ్చారు. వయోలా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. మంచినీళ్ళ సీసా చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడింది.

"మామ్మగారూ, ఒకటడగనా? ఏమీ అనుకోరుగా?"

"అడుగమ్మా."

"మీ అన్నయ్యగారు మా మాస్టారి మీద కక్షతోనే కదండీ ఆ పదకొండు గడులూ ఖాళీగా వదిలింది?"

చెల్లో కుర్రాడికి నీళ్ళు పొలమారాయి. "అయిపోయింది. మళ్ళీ మొదలెట్టింది."

"నువ్వాగు. ఇది మొట్టమొదట వాయించింది మా మాస్టారే. ఆయనే చెప్పారు. నిండు సభలో ఆయన్ని దిష్టిబొమ్మలా కూర్చోబెట్టారట. ఏమిట్రా ఇది అని అడిగితే, 'అక్కడ నువ్వు ఊరుకోవాలనే రాశాను' అన్నారట మీ అన్నయ్యగారు. అంత స్నేహం, ఆ ఒక్క మాటతో సరి. మాస్టారు మళ్ళీ మీ గడప తొక్కలేదు. నేనిది రికార్డు చేస్తున్నానంటే ఏమన్నారో తెలుసా? 'వాయించు. కానీ ఆ చోట వాడికి తల దించుకుని మాత్రం కూర్చోకు' అన్నారు. అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుకొస్తుందండీ. ఎంత బిగబట్టినా కాళ్ళు ఆగవు."

"అది కక్ష కాదే పిచ్చిదానా, శూన్యం," అన్నాడు కుర్రాడు. "మాకు పరీక్షలో పది మార్కుల ప్రశ్న. వయోలా మౌనానికి అర్థమేమి? మూడు పేజీలు రాశాను నేను."

"ఏం రాశావేమిటి?" అన్నాడు ఇంజనీరు.

"మనిషి ఒంటరితనం సార్. నగర జీవితం. ఇంకా ఏదో రాశాను, గుర్తులేదు. తొమ్మిదేశారు."

"నేను చావు అని రాశాను. నాకు ఏడే," అంది అక్క.

ఇంజనీరు పకపకా నవ్వాడు. పెద్దావిడ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి తనకి తెలియకుండానే పక్కనున్న గుడ్డసంచి మీదికి పోయింది.

ముప్పై నాలుగేళ్ళ కిందటి సంగతి అది. అప్పట్లో ఆమె పగలు భూముల పటాలు గీసే ఆఫీసులో పనిచేసేది. ఆ పనిలో ఒక్క గీత పక్కకి జరిగితే ఒకరి పొలం ఇంకొకరికి పోతుంది. ఇరవయ్యేళ్ళలో ఆమె గీత జరగలేదు. ఆఫీసు నుంచి వచ్చాక అన్న రాసిన సంగీతానికి నకళ్ళు తీసేది. పూర్తి ప్రతిలోంచి ఎవరి స్వరాలు వాళ్ళకి వేరు చేసి, వయొలిన్‌కొకటి, వయోలాకొకటి, చెల్లోకొకటి విడి ప్రతులు రాయాలి. వాయించేవాళ్ళు చూసేది వాటినే. అన్న రాత కోడిగీతలు, చెల్లెలి రాత ముత్యాలు. "నేను గిలుకుతాను, మా చెల్లెలు రాస్తుంది," అనేవాడాయన నలుగురిలో. ఆ మాట వినడానికే ఆమె ఎన్ని పేజీలైనా రాసేది.

ఆయనకొక అలవాటుండేది. రాసింది నచ్చకపోతే తుడిపేవాడు కాదు. సన్నని కాగితపు ముక్క మీద కొత్తగా రాసి, పాతదాని మీద జిగురుతో అంటించేవాడు. ఆయన ప్రతులు ముట్టుకుంటే అతుకుల దుప్పటి తడిమినట్టుండేది.

ఆ రచనని మొదటిసారి వినిపించే సభకి వారం ముందు ఆయనకి జ్వరం. లేవలేడు. ఆమె ఒక్కతే కూర్చుని నకళ్ళు తీసింది. నాలుగో పేజీలో వయోలా వరసలో పదకొండు గడులు ఖాళీగా కనిపించాయి. పాత స్వరాలు కొట్టేసి ఉన్నాయి, వాటి మీద కొత్తవేవీ లేవు. ఒక వాద్యం చాలాసేపు ఊరుకోవాలంటే, అన్ని గడులూ విడివిడిగా గియ్యరు. లావుగా ఒక అడ్డగీత గీసి దాని మీద అంకె వేస్తారు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని మరీ, అందంగా, లావుగా అడ్డగీత గీసి, పదకొండు అని వేసింది.

వయోలా వాయించేది అన్నకి ప్రాణస్నేహితుడు, ఇప్పుడు ఈ అమ్మాయికి మాస్టారు. మనిషి బాగా పొడుగు, ఇంట్లో అందరూ పొడుగాయన అనేవారు. వేళ్ళకెప్పుడూ సిరా అంటుకుని ఉండే ఆమెని ఆయన ఇంకుపిల్లా అని పిలిచేవాడు. జ్వరం వల్ల అన్న ఒక్క సాధనకీ వెళ్ళలేదు. సభ రోజు మాత్రం శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ చోటు వచ్చింది. పొడుగాయన వయోలా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్న ముందుకి వంగడం ఆమె చూసింది. అప్పటికింకా ఆమెకి అర్థం కాలేదు.

సభ అయ్యాక, పదిమంది చుట్టూ ఉండగా పొడుగాయన అడిగాడు. "ఏమిట్రా, నన్నక్కడ తల గోక్కోమనా నీ ఉద్దేశం?" అన్న జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తప్పు తన నకలులోనే ఉందని ఆ చూపుతో ఆమెకి తెలిసింది. తర్వాత స్నేహితుడి వైపు తిరిగి, ఊరుకోవాలనే రాశానన్న ఆ మాట అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత సిరాసీసాలు పెట్టుకునే పళ్ళెం కడుగుదామని ఎత్తితే, దాని అడుగున అంటుకుని దొరికింది కాగితపు ముక్క. పదకొండు గడులు. అన్న చేతిరాత. ఎప్పుడు ఊడిందో, ఎలా పోయి అక్కడ అంటుకుందో!

అది గుప్పిట్లో పట్టుకుని అన్న గదికి వెళ్ళింది. ఆయన పేపరు చదువుతున్నాడు. వయోలా మౌనం గురించి అందులో సగం పేజీ రాశారు. ఆమె గుప్పిట విప్పకముందే, తలెత్తకుండానే అన్నాడు, "బాగానే కుదిరిందిలే. వదిలెయ్."

వదిలేసింది. మౌనం బాగుందని నిజంగానే అనిపించి అన్నాడా, చెల్లెల్ని కాపాడటానికి అన్నాడా, ఇవాళ్టిదాకా ఆమెకి తెలియదు. తర్వాత పుస్తకం అచ్చు వేయించినప్పుడు కూడా ఆ చోటు ఖాళీగానే ఉంచాడు. పొడుగాయన ఇంటికి వెళ్ళి తప్పు తనదని చెప్పొచ్చు. రెండుసార్లు బయల్దేరింది కూడా. రెండుసార్లూ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. గీత జరగని చెయ్యి అని ఆమెకి ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పేరే. అది పోతే అన్న నకళ్ళు ఇంకొకరికి ఇస్తాడేమోనని భయం. భయం ఏడాదయింది, రెండేళ్ళయింది, ఆ తర్వాత అలవాటయింది.

"మామ్మగారూ? నీళ్ళు తాగుతారా?" వయోలా అమ్మాయి సీసా అందిస్తోంది.

ఆమె ఆ పిల్ల కాళ్ళ వైపు చూసింది. మడమలు ఇంకా నేల మీద కుదురుగా లేవు. తను దాచిన తప్పు ఒక మనిషి మనసు విరిచి ఊరుకోలేదు. ఆయన దగ్గర చదువుకున్న పసిదాని కాళ్ళలోకి కూడా దిగింది. ఇవాళ రికార్డయితే, ఇంక అదే నిజమై కూర్చుంటుంది.

"అది మా అన్నయ్య చేసింది కాదమ్మా," అంది. "నేను చేశాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె సంచిలోంచి కళ్ళద్దాల డబ్బా తీసి, అందులో గుడ్డ కింద మడతలేకుండా పెట్టుకున్న కాగితపు ముక్క తీసి బల్ల మీద పరిచింది. బెత్తెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. అంచుల్లో జిగురు గోధుమరంగుకి తిరిగింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పేటప్పుడు ఏడుస్తాననుకుంది గానీ ఏడుపు రాలేదు.

వయోలా అమ్మాయి చేతిలోని సీసా కింద పెట్టేసింది.

"అంటే నేను రాసిన మూడు పేజీలూ..." అన్నాడు చెల్లో కుర్రాడు.

"ఒరేయ్!" అంది అక్క.

వయోలా అమ్మాయి కాగితం మీదికి వంగింది, ముట్టుకోలేదు. "ఇది... నాదా? నేను వాయించాల్సిందా?"

"మీ మాస్టారు వాయించాల్సింది. ఇప్పుడు నీది."

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. ఆయన నెమ్మదస్తుడు. "చూడండమ్మా, నాకు అచ్చుపుస్తకమే ప్రమాణం. అందులో ఖాళీ ఉంది. ఆయనే అచ్చు వేయించారు. కానీ ఆయన వారసులు మీరు. ఎలా చెయ్యమంటే అలా చేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి, ఆ మౌనం కోసమే ఇది కొనుక్కునేవాళ్ళున్నారు. టైము గంటకి కాస్త ఎక్కువుంది."

"నాకే వదిలేస్తే నేను మళ్ళీ తప్పు చేస్తాను బాబూ. ఎవరి చేతిలోంచి లాక్కున్నానో ఆయనున్నాడుగా. ఆయన్ని అడుగుదాం." ఆమె వయోలా అమ్మాయి వైపు తిరిగింది. "మీ మాస్టారికి ఫోను కలుపుతావా?"

ఫోను మాస్టారి కోడలు ఎత్తింది. మావయ్యగారికి ఈ మధ్య చెవులు బొత్తిగా పనిచెయ్యడం లేదనీ, గట్టిగా మాట్లాడాలనీ చెప్పి ఇచ్చింది. వెనక గదిలో సిగ్నలు నిలవకపోతే అందరూ హాల్లోకి వచ్చారు. స్పీకరు పెట్టి ఫోనుని సంగీతం కాగితాలుంచే స్టాండు మీద పెట్టారు.

"ఎవరూ?"

"నేనండీ. ఇంకుపిల్లని."

"ఎవరూ? గట్టిగా మాట్లాడండి!"

"ఇంకుపిల్లని!"

"ఊఁ," అన్నాడాయన.

"ఆ పదకొండు గడులూ మా అన్నయ్య ఖాళీగా వదల్లేదండీ. నకలు తియ్యడంలో నేను పోగొట్టాను."

"ఏం పోగొట్టావు?"

మూడు రోజులుగా ఎవరూ గొంతెత్తని హాలు అది. చీమ చిటుక్కుమంటే టేకు పోతుందని చెప్పులు కూడా బయట విడిచి తిరిగారు. ఆ హాల్లో, బొంతలు కట్టిన కిటికీల మధ్య నిలబడి, ముప్పై నాలుగేళ్ళు ఎవరికీ గుసగుసగా కూడా చెప్పని మాటని ఆమె అరిచి చెప్పాల్సి వచ్చింది.

"మీ స్వరాలు! మీ స్వరాలు నేను పోగొట్టాను! అతికించిన ముక్క ఊడిపోయింది, నేను చూసుకోలేదు! తప్పు నాది! అన్నయ్య నా కోసం అబద్ధమాడాడు!"

"అరవకు," అన్నాడాయన. "వినపడింది."

ఫోను ఆగిపోయిందేమోనని కుర్రాడు ముందుకి వంగి చూశాడు. అక్క వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ముప్పై నాలుగేళ్ళు వాణ్ణి తిట్టుకున్నాను," అన్నాడు పొడుగాయన. గొంతు ముసలిదైపోయింది గానీ మాట తీరు అదే. "పొద్దున్న లేస్తే ఒకసారి, పడుకోబోతూ ఒకసారి. ఆ తిట్లన్నీ ఇప్పుడెక్కడ పెట్టుకోమంటావు?"

"నన్ను తిట్టండి."

"నిన్ను తిడితే వాడికి చేరతాయా? వాడు పోయాడని తెలిసి కూడా నేను రాలేదు. చెప్పులు తొడుక్కుని, మళ్ళీ విడిచేశాను. ఈ మాట రెండేళ్ళ ముందు చెబితే వెళ్ళి వాడి చెవి మెలిపెట్టేవాణ్ణి. నాకు చెబితే నేను నిన్ను తినేస్తానట్రా అని అడిగేవాణ్ణి. ఇప్పుడెవర్ని అడగను?"

"ఏమీ చెయ్యలేనండీ దానికి," అంది. ఈసారి అరవలేదు. ఆయనకి వినపడిందో లేదో తెలియదు.

"ఆ పిల్లుందా అక్కడ?"

"ఉన్నాను మాస్టారూ!"

"ఏం రాశాడో వాయించు."

ఆ అమ్మాయి కాగితపు ముక్కని స్టాండు మీద, ఫోను పక్కన ఆనించి, వంగి చూస్తూ విల్లు పెట్టింది. మొదటి స్వరం బాగానే వచ్చింది. లోతుగా, వయోలా అట్టడుగు తీగ మీద. రెండో గడిలో ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగో గడిలో ఒక చుక్క గీత మీదుందో, గీతల మధ్య ఉందో తెలియక రెండు రకాలుగానూ వాయించింది.

"ఏమిటా నత్తి?" అన్నాడు మాస్టారు.

"రాత తెలియడం లేదు మాస్టారూ! అన్నీ కోడిగీతలు!"

"వాడెప్పుడు తిన్నగా రాశాడు కనక? నకలు రాసే మనిషి పక్కనే ఉందిగా, రాయించుకో." ఫోను పెట్టబోతూ అన్నాడు, "లెక్క మాత్రం నువ్వు సరిచూసుకో."

ఫోను పెట్టేశాడు.

క్షమించానని అనలేదు. అంటాడని ఆమె అనుకోనూ లేదు. ఇంజనీరు ఏమీ అడగకుండా వెళ్ళి గట్టి కాగితం, స్కేలు, నల్ల పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు. టైము నాలుగు దాటింది.

ఆమె కూర్చుంది. మొదట అయిదు అడ్డగీతలు గీసింది. తర్వాత నిలువు గీతలు గీసి గడులు కోసింది. స్వరాలు పెట్టబోతూ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆగింది. వయోలా అమ్మాయి వచ్చి, కాగితం జరక్కుండా అంచుల మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. ఒక్కొక్క స్వరమే దిగింది. అన్న చుక్క ఎక్కడ పెట్టేవాడో, తొందరలో తోక ఎటు లాగేవాడో ప్రపంచంలో ఇంక ఆమె ఒక్కదానికే తెలుసు. నాలుగో గడిలో ఆ చుక్క గీత మీదనే ఉంది. ఆమె ఆలోచించనైనా ఆలోచించలేదు.

ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. రాయడం అయ్యాక అమ్మాయి వేలు పెట్టి పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా.

"దీని గురించి రికార్డు మీద ఏమని వెయ్యను?" అన్నాడు ఇంజనీరు. "ఏదో ఒకటి చెప్పాలిగా జనానికి."

"నకలు తీసిన మనిషి పొరపాటని వెయ్యండి. ఎవరా మనిషి అంటే చెల్లెలని వెయ్యండి."

ఫ్యాన్లు ఆపారు. ఆమె వెనక గదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుని, పూర్తి ప్రతి ఒళ్ళో పెట్టుకుంది. ఇంజనీరు ఆమెకి కూడా ఒక జత హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. ఎర్రదీపం వెలిగింది.

ఎప్పటిలాగే మొదలైంది. వయొలిన్, చెల్లో ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. ఆ చోటు దగ్గరపడుతుంటే అలవాటు కొద్దీ ఆమె పేజీ మీంచి చూపు తిప్పుకుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ చోటుని ఆమె విన్నది లేదు, దాటింది అంతే. ఎంతమంది మెచ్చుకున్నా ఆమెకి అక్కడ వినపడింది తన తప్పే.

వయోలా ఆగలేదు. అట్టడుగు తీగ మీద ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడింది. పెద్ద విశేషమేమీ లేదు అందులో. పైన ఆ రెండూ గొడవపడుతుంటే, కింద అది వాళ్ళని పట్టించుకున్నట్టూ లేదు, వదిలేసినట్టూ లేదు. చాలాసేపటికి అరమెట్టు పైకి జరిగింది, మళ్ళీ కిందికొచ్చింది. ఇద్దరు పోట్లాడుకునే గదిలో మూడో మనిషి గోడకి ఆనుకుని నిలబడ్డట్టుగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ మనిషి గదిలో లేడనుకున్నారు అందరూ.

మౌనం కంటే ఇది గొప్పగా ఉందా? ఆమెకి తెలియలేదు. పత్రికలవాళ్ళు ఏమంటారో, పరీక్షల్లో ఏమడుగుతారో తెలియదు. అన్న ఏమనేవాడో కూడా తెలియదు. బాగానే కుదిరిందిలే అన్నాడు, ఆ మాట ఆయనతోనే పోయింది. కానీ అన్న రాసింది ఆమెకి వినపడుతోంది. ఆయన వంగి రాసుకునేటప్పుడు ముక్కుతో తీసే చిన్న కూనిరాగం లాంటిది.

ఎనిమిదో గడిలో చెల్లో ముందుకి దూకింది. ఏళ్ళ తరబడి అక్కడ వయోలా ఉండదని నేర్చుకున్న కుర్రాడు, కింద వినపడే స్వరానికి తడబడి, తర్వాతి ముక్కని ఒక గడి ముందే ఎత్తుకున్నాడు. వయొలిన్ ఆగింది. వయోలా కూడా ఆగింది.

"అయ్యో, నాదే! నాదే తప్పు!" హాల్లోంచి కుర్రాడి కేక. "పక్కన అది మోగుతుంటే లెక్క పోయింది సార్!"

"చూశావా, ఈసారి కుర్చీదీ కాదు, నాదీ కాదు, నీది," అంది వయోలా అమ్మాయి. ఆ గొంతులో నవ్వుంది.

ఇంజనీరు టైము చూసుకుని నిట్టూర్చాడు. "ఇరవై రెండు నిమిషాలుంది. మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకుందాం. కానివ్వండి."

ఆమె పేజీ అంచున ఎనిమిది అంకె వేసి, దాని మీద గీత గీసింది. కాగితాలు మొదటికి తిప్పుకుంది. ఎర్రదీపం కోసం చూస్తూ, ఆ గడులు ఇంకోసారి వినడానికి కుర్రాడు మరొక్కసారి తప్పితే బాగుండునని అనిపించి, తప్పు తప్పు అనుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి సరిగ్గా అదుముకుంది.